తాత ఊరు మన ఊరేనా?

కైఫీయతులు సేకరించి మన గ్రామాల చరిత్రను నిలబెట్టిన కాలిన్ మెకంజీ స్కాట్లాండ్‌కు వాయవ్యాన ఉన్న లూయిస్ దీవిలో, స్టోర్నొవే పట్నంలో పుట్టాడు. 1783లో మద్రాసు చేరినవాడు మళ్లీ ఆ దీవి ముఖం చూడలేదు. 1821లో కలకత్తా దగ్గర కన్నుమూశాడు. లూయిస్‌ను అలా విడిచి వెళ్లినవాళ్లు తరతరాలుగా వేలమంది. కొందరు కొలువు కోసం పోయారు, కొందరు ఆకలికి తాళలేక పోయారు, కొందరు సెంటు భూమి దొరకక పోయారు. స్కాట్లాండ్ అంతటా ఇదే కథ. 2016 జనగణనలో తమ మూలాలు స్కాట్లాండ్‌వని రాయించుకున్నవాళ్లు ఒక్క కెనడాలోనే సుమారు 48 లక్షల మంది. 2022 లెక్కల ప్రకారం స్కాట్లాండ్ జనాభా మొత్తం 54 లక్షల పైచిలుకు.

వెళ్లినవాళ్ల మనవలు తిరిగి వచ్చి ఆ నేల మీద స్థిరపడాలనుకోవడం న్యాయమేనా? ఈ సంవాదం దాని గురించే. మాట్లాడుతున్న అక్కాతమ్ముళ్లు కల్పితం. వాళ్లు చెప్పుకునే చరిత్ర, చట్టం మాత్రం నిజం. ఇద్దరూ కెనడాలో సుపీరియర్ సరస్సు ఒడ్డున థండర్ బే నగరంలో పుట్టి పెరిగారు. అక్క ఆసుపత్రిలో నర్సు. తమ్ముడు ఇళ్లు కట్టే వడ్రంగి, యాభైకి దగ్గరపడ్డాడు. వాళ్ల తాత 1923లో లూయిస్ నుంచి ఓడెక్కి వచ్చాడు.

తమ్ముడు: అక్కా, తాత జనన నమోదు నకలు ఎడింబరో నుంచి వచ్చింది. ఇదిగో చూడు. 1903, బార్వస్ పారిష్. పుట్టిన రోజు, వేళ, ఊరు అన్నీ ఉన్నాయి. తండ్రి వృత్తి చేపల వేట అని రాశారు. తల్లి పేరు పుట్టింటి ఇంటిపేరుతో సహా ఉంది. వాళ్లిద్దరి పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో కూడా రాసి పెట్టారు. చివర సంతకం ఉండాల్సిన చోట ఒక ఇంటూ గుర్తు ఉంది చూడు, అది ముత్తాత చెయ్యి. ఆయన దీవి భాష గేలిక్‌లో చెబితే రిజిస్ట్రారు ఇంగ్లిషులో రాసుకున్నాడు. ఈ కాగితానికి నాన్న జనన పత్రం, నాది జతచేసి పెడితే నాకు పూర్వీకుల వీసా వస్తుంది. కామన్వెల్త్ దేశాల వాళ్లకు, తాత అవ్వల్లో ఒక్కరు బ్రిటన్‌లో పుట్టి ఉంటే చాలు. అక్కడ పనిచేసుకుని బతకగలమని చూపిస్తే ఐదేళ్లు ఉండనిస్తారు, ఆ తర్వాత శాశ్వతంగా ఉండే హక్కుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. నేను వెళ్లాలనుకుంటున్నాను. చూసి రావడానికి కాదు, ఉండిపోవడానికి.

అక్క: కాగితం బాగుంది. దాచుకోవాల్సిందే. కానీ అందులో ఉన్నది తాత అక్కడ పుట్టాడని. నువ్వు అక్కడివాడివని ఎక్కడుంది? తాత ఈ ఊళ్లో ధాన్యపు గిడ్డంగుల్లో ముప్పై ఏళ్లకు పైగా దుమ్ము పీల్చాడు. ఇక్కడే ఇల్లు కట్టాడు, ఇక్కడే మట్టిలో కలిశాడు. వెళ్లే దారి, డబ్బు ఉన్న రోజుల్లో కూడా ఒక్కసారి వెనక్కి వెళ్లలేదు. ఆయన తేల్చుకున్న విషయాన్ని నువ్వు మళ్లీ తవ్వుతున్నావు.

తమ్ముడు: ఆయన తేల్చుకున్నాడని నువ్వంటున్నావు, ఆయన్ని తేల్చుకోనిచ్చిందెవరు? 1919 జనవరి 1న తెల్లవారకముందు ఏం జరిగిందో నీకూ తెలుసు. యుద్ధం ముగిసి ఇళ్లకు వస్తున్న నావికులతో యోలర అనే ఓడ స్టోర్నొవే రేవు ముంగిట రాళ్లకు కొట్టుకుంది. ఒడ్డు కొన్ని గజాల దూరమే. 201 మంది పోయారు. జాన్ మెక్లియోడ్ అనే అతను తాడు పట్టుకుని ఒడ్డుకు ఈదితే, ఆ తాడు ఆధారంగా 40 మంది బయటపడ్డారు. బయటపడనివాళ్లలో తాత అన్న ఒకడు. నాలుగేళ్ల యుద్ధం నుంచి బతికి వచ్చి ఇంటి గుమ్మంలో చచ్చిపోయాడు. ఆ దీవిలో చాలా ఏళ్ల పాటు అంతకుముందులా కొత్త సంవత్సరం పండగ జరగలేదు.

పోనీ, బతికినవాళ్లకైనా ప్రభుత్వం ఇస్తానన్న భూమి దక్కిందా? 1918లో దీవి మొత్తాన్ని సబ్బుల కంపెనీ ప్రభువు లీవర్‌హ్యూమ్ కొనేశాడు. స్టోర్నొవేను చేపల పరిశ్రమకు రాజధాని చేస్తానన్నాడు. పట్నానికి పాలు కావాలి కాబట్టి పెద్ద డెయిరీ పొలాలను ముక్కలు చేసి పంచేది లేదన్నాడు. సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లు గ్రెస్, కోల్ పొలాల్లో జొరబడి సొంతంగా హద్దులు గీసుకున్నారు. చివరికి ఆయన పథకాలూ కూలాయి, వీళ్ల ఆశలూ కూలాయి. 1923 ఏప్రిల్‌లో మెటగామ ఓడ వచ్చింది. సుమారు 300 మంది ఒక్కరోజే ఎక్కారు. చాలామంది ఇరవైల్లో ఉన్న కుర్రాళ్లు. దీన్ని వలస అనకు అక్కా. కడుపు చేత్తో పట్టుకుని పోవడం అను.

అక్క: అంటాను. ఆ అన్యాయాన్ని నేను కాదనడం లేదు. కానీ నువ్వు దాన్ని బాకీగా లెక్కగడుతున్నావు. ఆ బాకీ ఎవరి దగ్గర వసూలు చేస్తావు? లీవర్‌హ్యూమ్ పోయి వందేళ్లయింది. ఇప్పుడు బార్వస్‌లో ఉన్నది ఆ రోజు ఓడ ఎక్కనివాళ్ల మనవలు. వాళ్లూ అవే చావులు చూశారు, ఆ చలిలోనే, ఆ సన్నటి నేల మీదే ఉండిపోయి ఊరు నిలబెట్టారు. వెళ్లినవాడి మనవడికి దుఃఖం ఉండవచ్చు, హక్కు లేదు. హక్కు అనే మాట ఉంటే అది ఉండిపోయినవాళ్లది.

ఇంకో సంగతి. తాతల నాటి నేల తాతల వారసులదే అంటావా? అయితే మన ఇల్లు ఎవరి నేల మీద ఉంది? 1850లో రాబిన్సన్ ఒడంబడికతో సరస్సు ఉత్తరపు ఒడ్డంతా ఇక్కడి మూలవాసులైన అనిషినాబే ప్రజల చేతుల్లోంచి జారిపోయింది. వాళ్లకు మిగిలిన కొద్దిపాటి ఫోర్ట్ విలియం నేలలో కూడా 1905లో రైల్వే పెద్ద ముక్క తీసుకుంది. తాతకు కూలి దొరికింది ఆ రైళ్లు మోసుకొచ్చిన గోధుమల దగ్గరే. లూయిస్‌లో భూమి దొరకనివాడు ఇక్కడ వేరొకరి భూమి మీద బతికాడు. ఆయన తప్పని నేననను, ఆయనకు వేరే దారి లేదు. కానీ పూర్వీకుల పేరుతో నేల అడిగేటప్పుడు ఆ అడిగే నోరు ఇక్కడ కూడా జవాబు చెప్పాలి.

తమ్ముడు: ఆ మాట నిజమే. ఆ మాట నిజమైతే నేను ఇక్కడి నుంచి కదలడం మంచిదే కదా?

అక్క: కాదు. నువ్వు సామాను సర్దుకుని పోతే ఒడంబడిక తీరిపోదు. ఇక్కడ ఉండి, ఆ ఒప్పందంలో మన వంతు మాట నిలబెట్టుకోవడమే తీరడం. ఈ ఊరి ఆసుపత్రికి వచ్చే అనిషినాబే వృద్ధుల్లో చిన్నప్పుడు బలవంతపు బడుల్లో తమ భాష పోగొట్టుకున్నవాళ్లున్నారు. వాళ్ల మంచం పక్కన కూర్చున్నప్పుడు నాకు నా పని ఎక్కడుందో తెలుస్తుంది. ఉన్న ఊరు కన్నతల్లి అంటారు. నాకు ఉన్న ఊరు ఇది.

తమ్ముడు: నీ పని ఇక్కడుంది, ఒప్పుకున్నాను. నా పని అక్కడ ఉందని నేను చెబుతున్నాను. నేల అడగడానికి పోవడం లేదు. ఆ దీవులకు మనుషులు కావాలి. స్కాట్లాండ్‌లో 2015 నుంచి ఏటా పుట్టేవాళ్ల కంటే పోయేవాళ్లే ఎక్కువ. జనాభా తగ్గకుండా నిలుపుతున్నది బయటి నుంచి వచ్చేవాళ్లు. లూయిస్ ఉన్న పడమటి దీవుల్లో 2011, 2022 జనగణనల మధ్య జనం 5 శాతానికి పైగా తగ్గారు. పిల్లలు లేక బడి మూతపడితే పిల్లలున్న కొత్త కుటుంబం ఆ ఊరికి రాదు. కుటుంబం రాకపోతే దుకాణం పోతుంది, ఆ తర్వాత బస్సు పోతుంది. అలాంటి చోటికి చేతిపని తెలిసిన కుటుంబం ఒకటి వస్తానంటే తప్పేంటి?

అక్క: వాళ్లకు కావలసింది మనుషులని అనుకుంటున్నావు. వాళ్లేమన్నారో తెలుసా? 2021లో స్కాట్లాండ్ ప్రభుత్వం దీవుల్లో స్థిరపడేవాళ్లకు, అక్కడే ఉండిపోయే యువకులకు 50,000 పౌండ్ల దాకా ఇస్తామని ఒక ఆలోచన చేసింది. దీవుల జనాన్ని అడిగితే చాలామంది ఆ డబ్బు ఇళ్ల మీద, పడవల మీద, పనుల మీద పెట్టమన్నారు. 2022లో ఆ ఆలోచనే మానుకున్నారు. ఎందుకంటావు? అక్కడ ఖాళీ అవుతున్న ఊళ్లోనే ఇల్లు దొరకదు. ఉన్న ఇళ్లను సెలవుల కోసం వచ్చేవాళ్లు కొనుక్కుంటారు, లేకపోతే పర్యాటకులకు వారం లెక్కన అద్దెకిస్తారు. అక్కడే పుట్టిన పిల్ల, బడిలో పాఠం చెప్పే పిల్ల, ఇల్లు లేక గ్లాస్గో పోతుంది. ఇప్పుడు నువ్వు థండర్ బేలో ఇల్లు అమ్మి ఆ డాలర్లతో వేలంలో నిలబడితే ఆ పిల్ల మీదే కదా పాట పెంచేది? తాతను దీవి దాటించింది భూమి ఉన్నవాడు. ఈ కాలంలో ఇంకొకరిని దాటించేది డబ్బు ఉన్న నువ్వు అవుతావు.

తమ్ముడు: ఈ మాటకు జవాబు నా చేతుల్లోనే ఉంది. ఇల్లు లేకపోవడమే సమస్య అయితే ఇల్లు కట్టేవాడు సమస్యలో భాగం ఎలా అవుతాడు? ఎగ్ దీవి సంగతి చదివావా? 1997లో అక్కడి జనం యజమాని దగ్గర్నుంచి దీవిని కొనుక్కున్నారు. అప్పుడు అక్కడ ఉన్నది అరవై అయిదు మంది వరకూ. భూమి చేతికి వచ్చాక ఇళ్లు బాగుచేసుకున్నారు, నీళ్లు, గాలి, ఎండలతో సొంత కరెంటు పెట్టుకున్నారు. వెళ్లిపోయిన పిల్లలు కొందరు వెనక్కి వచ్చారు, కొత్తవాళ్లూ వచ్చారు. ఇప్పుడు వందకు పైనే. రమ్ దీవి వాళ్లు 2020లో నాలుగు కొత్త ఇళ్లు కట్టి, ఎవరైనా కుటుంబాలుగా వచ్చి ఉండండని పిలిచారు. స్టోర్నొవే చుట్టుపక్కల నేల 1923 నుంచే జనం ఎన్నుకునే ట్రస్టు చేతిలో ఉంది. తాత ఓడెక్కిన సంవత్సరమే అది!

అక్క: అయితే తాత క్రాఫ్ట్ నీకు కావాలా, అక్కర్లేదా? సూటిగా చెప్పు. చిన్నప్పటి నుంచి ఆ నాలుగెకరాల బొమ్మ నీ పుస్తకంలోనే ఉంది.

తమ్ముడు: చిన్నప్పుడు కావాలనుకున్నాను. ఇప్పుడు అక్కర్లేదు. క్రాఫ్ట్ అంటే తోటబంగళా కాదని తెలుసుకున్నాను. అది చిన్న కౌలు కమతం. 1886 చట్టంతో ఆ కౌలుదారుణ్ణి ఇష్టమొచ్చినట్టు వెళ్లగొట్టడం ఆగింది. హక్కుతో పాటు ఇప్పుడు బాధ్యత కూడా ఉంది: క్రాఫ్టర్ తన కమతానికి 32 కిలోమీటర్ల లోపల కాపురం ఉండాలి, నేలను సాగులో ఉంచాలి. ఉండకపోతే క్రాఫ్టింగ్ కమిషన్ అడుగుతుంది. తాత కమతంలో ఇప్పుడు వేరే కుటుంబం గొర్రెలు మేపుకుంటోంది. మే నెలలో వాళ్లు పీట్ కోస్తారు. బీడులో వేల ఏళ్లుగా నాని గట్టిపడిన ఆ నల్లటి మట్టే వాళ్లకు పొయ్యిలో ఇంధనం. ఒకరు పొడవాటి పిడి ఉన్న పారతో అడుగు లోతున కోస్తుంటే, గుంటలో నిలబడ్డవాళ్లు ఆ తడి పెళ్లలను అందుకుని ఒడ్డున వరసగా పరుస్తారు. కొంచెం ఎండాక నాలుగైదు నిలబెట్టి గాలి ఆడేలా చేస్తారు, తర్వాత ఇంటికి తెచ్చి గోడ పక్కన చేప ముళ్ల వరసలో వాన కారకుండా పేరుస్తారు. దీనికి ఇరుగుపొరుగు చేతులు కావాలి. ఆ వరసలో ఒక చెయ్యిగా ఉంటే చాలు నాకు. అద్దె ఇల్లు, వడ్రంగి పని. అంతే.

అక్క: ఆ గుంటలో నిలబడ్డవాళ్లు ఏ భాషలో మాట్లాడుకుంటారు?

తమ్ముడు: పెద్దవాళ్లు గేలిక్‌లో.

అక్క: నీకు వస్తుందా? తాత రోజూ సాయంత్రం గేలిక్ బైబిల్ పైకి చదివేవాడు. నాన్నకు నేర్పలేదు. ఇంగ్లిషు వస్తేనే పిల్లవాడు బాగుపడతాడనుకున్నాడు. 2022 జనగణనలో పడమటి దీవుల్లో గేలిక్ మాట్లాడేవాళ్లు మొదటిసారి సగం కంటే తక్కువకు పడిపోయారు. ఇంగ్లిషు మాత్రమే వచ్చిన ఇల్లు ఒక్కటి ఆ ఊళ్లో దిగినా ఆ లెక్క ఇంకాస్త తగ్గుతుంది. పదిమంది గేలిక్‌లో మాట్లాడుకుంటున్న చోటికి నువ్వొకడివి వస్తే మర్యాద కోసం పదిమందీ ఇంగ్లిషుకు మారతారు. పూర్వీకుల మీద ప్రేమతో వెళ్లినవాడు పూర్వీకుల భాషను అలా నొక్కేస్తాడు.

తమ్ముడు: అందుకే నేర్చుకునే వెళ్తాను. స్కాట్లాండ్ మొత్తం మీద గేలిక్ ఎంతో కొంత వచ్చినవాళ్లు 2011లో 87 వేలు, 2022లో లక్షా ముప్పై వేలు. దీవిలో తగ్గుతున్నా నేర్చుకునేవాళ్లు పెరుగుతున్నారు. స్కై దీవిలో సభల్ మోర్ ఓస్తిగ్ కళాశాల 1973 నుంచి ఇదే పని చేస్తోంది. ఇంట్లో పోయిన భాషను మూడో తరం బడిలో తిరిగి పట్టుకోవచ్చు.

అక్క: బడిలో పట్టుకున్న భాష వంటింట్లోకి రావాలి. ఆ పని యాభై ఏళ్లవాడికి తేలిక కాదు. సరే, భాష నీ పట్టుదల. పిల్లల సంగతి? నీ కొడుక్కి పద్నాలుగేళ్లు, నీ మీద ఆధారపడ్డవాడిగా వెంట రావచ్చు. కూతురికి పందొమ్మిది నిండాయి. దానికి ఈ దారి లేదు. తాత పుట్టుక నీ దాకా చెల్లుతుంది, దాని దాకా చెల్లదు. ముత్తాతలను ఆ చట్టం లెక్కలోకి తీసుకోదు. ఆరోగ్య రుసుమే పెద్దవాళ్లకు తలకు ఏడాదికి 1,035 పౌండ్లు, ఐదేళ్లదీ ముందే కట్టాలి. అదంతా కట్టి, కూతుర్ని సముద్రానికి ఇవతల వదిలి పోతావు. తాత తల్లి రేవులో నిలబడి కొడుకును సాగనంపింది. నువ్వు ఆ కథను తిరగేసి మళ్లీ రాస్తున్నావు.

తమ్ముడు: ఆ తల్లి కొడుకును మళ్లీ చూడలేదు. నా కూతురు ఇక్కడ చదువుకుంటోంది, ఇక్కడే ఉంటానంటోంది, ప్రతి వేసవికీ వస్తానంటోంది. దాని నిర్ణయం అది చేసుకుంది. నాకు బాధ లేదని చెప్పను. అయినా పెద్దపిల్ల ఇంటి నుంచి వెళ్లే వయసులో తల్లిదండ్రులు కూడా కదలడం లోకంలో లేని వింత కాదు.

అక్క: చివరి మాట అడుగుతాను. మా వార్డులో నాతో పనిచేసే విజయవాడ అమ్మాయి ఉంది కదా, దాని చెల్లెలు గ్లాస్గోలో ఎం.ఎస్. చేసింది. అక్కడే పనిచేసింది, అద్దె కట్టింది, పన్ను కట్టింది. చదువు తర్వాత ఇచ్చిన రెండేళ్ల గడువు అయ్యాక, ప్రభుత్వం నిర్ణయించిన జీతం ఇచ్చే యజమాని దొరక్క తిరిగి వెళ్లిపోయింది. నువ్వు ఆ దేశంలో ఒక్కరోజు పనిచేయలేదు. నీకు ఉద్యోగం ముందే దొరకాలన్న షరతు లేదు, జీతం షరతు లేదు. మీ ఇద్దరి మధ్య తేడా ఒక్క తాత. నిజానికి స్కాట్లాండ్ తన మనుషులెవరో 2014లోనే తేల్చి చెప్పింది. స్వతంత్రం కావాలా వద్దా అని ఓటు పెట్టినప్పుడు, అక్కడ పుట్టి టొరంటోలో ఉంటున్నవాళ్లకు ఓటు లేదు. గ్లాస్గోలో నివాసముంటున్న భారతీయుడికి, పోలండ్ వాడికి ఉంది. నూటికి 84 మందికి పైగా ఓటు వేశారు. ఫలితం ఎటు వచ్చినా నిర్ణయించింది అక్కడ ఉంటున్నవాళ్లు. రక్తాన్ని కాదు, నివాసాన్ని లెక్కపెట్టారు. నువ్వు రక్తం కాగితం పట్టుకుని పోతున్నావు.

తమ్ముడు: ఆ కాగితం తలుపు తీస్తుంది. లోపలికి వెళ్లాక అది పనికిరాదు, పనికి రాకూడదు కూడా. నివాసమే లెక్క అన్నావు, నేను అడుగుతున్నదీ ఆ లెక్కలో చేరడానికే. తాత పేరు చెప్పుకుని చుట్టరికం వెతుక్కోవడం కాదు, ఊరికి కొత్తగా వచ్చినవాడిగా మొదలుపెడతాను. ఇల్లు కొనను. పని కుదిరాకే బయలుదేరతాను. విజయవాడ అమ్మాయి చెల్లెలికి జరిగింది అన్యాయమే. వలస చట్టం స్కాట్లాండ్ చేతిలో లేదు, లండన్ పార్లమెంటు చేతిలో ఉంది. కానీ ఇంకోటుంది అక్కా. కామన్వెల్త్ పౌరుడిగా నేను అక్కడ నివాసం ఏర్పరచుకుంటే ఆ పార్లమెంటు ఎన్నికల్లోనూ నాకు ఓటుంటుంది. తాత పుణ్యాన సుళువుగా వచ్చినవాడు, తాత లేనివాళ్లకు తలుపు మూయమనే పార్టీకి ఆ ఓటు వేస్తే నువ్వన్నవన్నీ నిజమవుతాయి. నేను వేయను.

అక్క: ఓటుతో సరిపెట్టకు. మాట్లాడు. నీలాంటివాడు మాట్లాడితే వింటారు, ఎందుకంటే నిన్ను బయటివాడని వాళ్లు అనలేరు. దీవులకు మనుషులు కావాలన్నావు. ఆ మనుషుల ముత్తాతలు ఎక్కడ పుట్టారో అడగొద్దని అక్కడి సమావేశాల్లో లేచి చెప్పు. అది చెప్పగలిగితే నీ ప్రయాణానికి ఒక అర్థముంది. నేను రాను. నీ వాదన నాకు ఇంకా సగమే ఒప్పుదల. ఇక్కడి ఒడంబడికలో మన ఇంటి వంతు నేను చూసుకుంటాను, అక్కడ కొత్తవాళ్ల తరఫున నిలబడే వంతు నువ్వు చూసుకో.

తమ్ముడు: చూసుకుంటాను. ఏడాదికోసారి వచ్చి అడుగు, లెక్క చెబుతాను.